దట్‌కి ముందున్న మాట

మంగళవారం సాయంత్రం, హల్ నగరంలో లైబ్రరీ మేడమీది గది.
హీటరు మూలుగుతుంది గానీ వెచ్చబడదు.
బోర్డు మీద నేను రాస్తాను:
సెడ్ దట్. టోల్డ్ మీ దట్. ఎక్స్‌ప్లెయిన్డ్ టు మీ దట్.

"సెడ్‌కి ఎదుట ఎవరూ అక్కర్లేదు,
గోడకి చెప్పుకున్నా సెడ్డే.
టోల్డ్‌కి మాత్రం మనిషి కావాలి,
వినే చెవి లేకపోతే అది నిలబడదు."
పాతికేళ్లుగా చెబుతున్న ముక్కే.
రొట్టెల బట్టీలో రాత్రంతా పనిచేసే ష్వాన్
ఆవులింత మింగుతూ రాశాడు:
మేనేజర్ టోల్డ్ దట్ నో ఓవర్‌టైమ్.
"ఎవరికి చెప్పాడు?" అన్నాను.
"ఎవరికీ కాదు మిసెస్ థ్వెయిట్, కాగితం అంటించి పోయాడు."
క్లాసంతా నవ్వింది. సరే, అయితే సెడ్.

లెతెబ్రహాన్ నవ్వలేదు.
"మా టిగ్రిన్యాలో మాట ముందొస్తుంది టీచర్,
అన్నదెవరో, ఎలా అన్నారో తర్వాత.
మాట పూర్తయ్యేదాకా ఆగుతాం.
మీ దగ్గర అది గుమ్మం దాటకముందే
పక్కన ఒక క్రియ కాపలా నిలబడుతుందెందుకు?"

జవాబు లేక మిగతా క్రియలు రాశాను.
అడ్మిటెడ్: నేరం ముందే ఒప్పుకుని తలదించుకుంటుంది.
ఇన్‌సిస్టెడ్ బల్ల గుద్దుతుంది.
క్లెయిమ్డ్ దగ్గర సుద్దముక్క ఆగింది.
అది చెప్పినవాళ్ల నోటిలోది కాదు,
రాసినవాళ్ల కనుబొమ్మలోది.

అందరూ వెళ్లాక ఆమె కోటు లోపలి జేబులోంచి
నాలుగు మడతల ఉత్తరం తీసింది.
"హోంవర్క్," అంది.
హోం ఆఫీసు వారిది. పదకొండు పేజీలు.
ఆకుపచ్చ సిరాతో గీతలు, అచ్చం నేను దిద్దినట్టే.
యూ క్లెయిమ్ దట్: పదిహేడు.
ఇట్ ఈజ్ నోటెడ్ దట్: తొమ్మిది.
ఇట్ ఈజ్ నాట్ యాక్సెప్టెడ్ దట్: నాలుగు,
అందులో ఒకటి ఆమె తమ్ముడి చావు ముందు.
యూ సే దట్ ఒక్కచోటే,
అస్మరాలో తనకో కాఫీకొట్టు ఉండేదన్న వాక్యంలో.
కాఫీకొట్టును ఎవరూ అనుమానించలేదు.

"ఇందులో తప్పులున్నాయా?"
లేవు. కామాలతో సహా సరిగ్గానే ఉంది.
అదే చెప్పాను. చెప్పి సిగ్గుపడ్డాను.
"మరి నోట్ చేసిందెవరు?"
"ఇట్."
"ఇట్ అంటే ఎవరు?"

మా అమ్మ బిస్కెట్ల డబ్బాలో ఒక కాగితం దాచేది.
చేపల కంపెనీ ముద్ర, రెండే వాక్యాలు.
ఇట్ ఈజ్ ప్రిజ్యూమ్డ్ దట్...
ఆ దట్ తర్వాత మా నాన్న ఎక్కిన ట్రాలరు ఉంది,
పద్దెనిమిది మంది ఉన్నారు, ఉత్తరాన మంచు ఉంది.
అమ్మ ఆ కాగితం పట్టుకుని కంపెనీ మెట్లెక్కేది:
"అలా అనుకున్నదెవరో
నా ముందుకొచ్చి నా మొహమ్మీద చెప్పమనండి."
గుమాస్తా కిటికీ దించేవాడు.
నాకు అప్పుడు నాలుగేళ్లు.
ఆమె అడిగింది టోల్డ్ అని
తెలియడానికి ఇన్నేళ్లు పట్టింది.

లెతెబ్రహాన్ ఉత్తరాన్ని బోర్లించి పెట్టింది.
కుర్చీ చూపించింది. కూర్చున్నాను.
బోర్డు తుడవలేదు.
కింద క్లైవ్ తాళాలు గలగలలాడించాడు,
ఒకసారి పైకొచ్చి చూసి దిగిపోయాడు.
ఎనిమిదీ నలభై బస్సు వెళ్లిపోయింది.
ఆమె మొదట్నించీ చెప్పింది. కాలాలు కలగలిసిపోయాయి:
తమ్ముడు నిన్న నడుస్తాడు, రేపు పడిపోయాడు.
నేను ఒక్కటీ దిద్దలేదు.

అంతా అయ్యాక, వాళ్ల భాష పద్ధతిలోనే,
"అని నేను చెప్పాను," అంది.

ఎవరికి, అని నేను అడగలేదు.